ఆసు, రెండు, మూడు

ఐలవ్వకు ఆమె మరిది చెప్పాడట. ఐలవ్వ పూలమ్మకు చెప్పిందట. పూలమ్మ ఆ మాటను రాత్రంతా కడుపులో దాచుకుని, తెల్లారి నల్లా దగ్గర లస్మవ్వ బిందె నిండేలోపల ఆమె చెవిలో వేసింది. నిన్న ఆదివారం ఇసుక బంకరు వెనక పడ్డ పత్తలాటలో, అదే పేకలో, నర్సింగం గెలవలేదట. గెలిచింది ఆగయ్యట. అయినా ఎండు జాగ నర్సింగం గ్యాంగుకు పోయిందట, నీళ్ల జాగ ఆగయ్య గ్యాంగు నెత్తిన పడిందట. పత్తలు పంచినవాడు పెద్దదాన్ని చిన్నదన్నాడో, చిన్నదాన్ని పెద్దదన్నాడో, ఆ తిరకాసు ఐలవ్వ మరిదికి కూడా సరిగ్గా అంతుబట్టలేదట. నర్సింగానికి మాత్రం అంతా తెలుసునట. తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నాడట.

"నాకేం ఎరుక తల్లీ, విన్నది చెప్పిన," అని పూలమ్మ తన బిందె చంకకెత్తుకుంది. "నీ మొగనికైతే మంచి జాగనే దొరికె. నీకేం ఫికర్?"

అన్నది గానీ, పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎందుకు చూసిందో లస్మవ్వకు తెలుసు. లస్మవ్వ మొగడు నర్సింగం. ఆగయ్య గ్యాంగులో తట్ట మోసే పోశం ఆమె తోడబుట్టిన తమ్ముడు.

బిందె నిండి నీళ్లు పొర్లి కాళ్ల మీద పడుతున్నా ఆమె నల్లా కట్టలేదు. వెనక నిలబడ్డవాళ్లు అరిస్తే గానీ సోయిలోకి రాలేదు.

ఆ ఆట పైసల ఆట కాదు. గోదావరిఖనిలో పైసల ఆట ఆడేవాళ్లకు వేరే జాగలున్నాయి, వాళ్ల పెండ్లాలకు వేరే ఏడుపులున్నాయి. ఇది బొగ్గు బాయిలో పని పంచుకునే ఆట. రెండో షిఫ్టులో బాయిలో ఒక వైపు దిగేవి రెండు ఫిల్లర్ల, అంటే బొగ్గును ఇనుప టబ్బుల్లోకి ఎత్తేవాళ్ల, గ్యాంగులు. ఒకదానికి నర్సింగం పెద్ద, ఇంకోదానికి ఆగయ్య పెద్ద. బొగ్గు ఎత్తే జాగలూ రెండే. ఒకటి పట్టాల పక్కనే ఉంటుంది. కాలు కింద పొడి, నెత్తిమీద గట్టి కప్పు, టబ్బు దగ్గర, తట్ట మోయడం తక్కువ. దాన్ని ఎండు జాగ అంటారు. రెండోది డిప్పు చివర, పల్లంగా దిగే దారి అడుగున. మోకాళ్ల దాకా నీళ్లు, పైనుంచి ఊట, బొగ్గును టబ్బు దాకా మోసేసరికి నడుములు పడిపోతాయి. దాని పేరు నీళ్ల జాగ.

ఎవరికి ఏది అని మొదట్లో వారం వారం తన్నుకునేవాళ్లు. సర్దార్ గులాం అలీ, అంటే బాయిలో ఆ వైపు పని చూసే మనిషి, విసుగెత్తి, మీలో మీరు తేల్చుకుని రండి, నా దగ్గరకు లొల్లి తేవద్దు అన్నాడు. అప్పటినుంచి ఆదివారం సెలవునాడు రెండు గ్యాంగులూ ఇసుక బంకరు వెనక గోనెసంచి పరిచి కూర్చోవడం మొదలుపెట్టాయి. మొదట ఒక్కో ముక్కే తీసేవాళ్లు, ఎవరిది పెద్దదైతే వాళ్లకు ఎండు జాగ. కొన్నాళ్లకు ఇస్పేటు ఆసు మూల వంగి ఉందనీ, నర్సింగం వేలు దాన్ని గుర్తుపడుతుందనీ ఆగయ్య గ్యాంగు గొడవ చేసింది. దాంతో ఒక్క ముక్క పోయి మూడు ముక్కలు వచ్చాయి. ఏ గ్యాంగుకూ చెందని మనిషి పత్తలు కలిపి పంచాలి. ఇద్దరు పెద్దలకూ మూడేసి ముక్కలు వేయాలి. తిప్పి చూసి ఎవరివి పెద్దవో పంచినవాడే చెప్పాలి. అతను చెప్పినాక మళ్లీ మాట లేదు. ఓడినవాళ్లు సోమవారం నుంచి శనివారం దాకా నీళ్ల జాగకు పోవాలి.

నీళ్లూ, నడుమునొప్పీ అయితే లస్మవ్వ కూడా పట్టించుకునేది కాదు. కానీ ఈ ఏటి వానలకు ఆ జాగ తీరు మారింది. పోయిన వారం అక్కడ కప్పులోంచి పెచ్చు ఊడి పడింది. పడ్డది ఖాళీ టబ్బు మీద. ఇనుప టబ్బు తొక్కిన సత్తుగిన్నెలా అణిగిపోయింది. పక్కనే ఉన్న ఎల్లేశానికి దాని అంచు తగిలి భుజం ఎముక విరిగింది. అతనింకా దవాఖానలోనే ఉన్నాడు. తట్ట దించి నీళ్లు తాగడానికి పక్కకు జరిగాడు గానీ, జరగకపోతే దవాఖాన దాకా కూడా పోయేవాడు కాదని బస్తీ అంతా చెప్పుకుంది. అలాంటి జాగకు ఈ మధ్యాహ్నం పోశం దిగబోతున్నాడు. మొన్న ఎండాకాలమే పెండ్లయింది వాడికి. ఊళ్లో పొలం నమ్ముకుంటే ఏముంది, బాయి పనికి పంపు అని తల్లి సమ్మవ్వకు పోరి పోరి చెప్పి వాణ్ని ఇక్కడికి రప్పించింది లస్మవ్వే.

బిందె ఇంట్లో దించి, చీరకొంగు పిండుకుని, ఆమె వెనక గల్లీలోకి నడిచింది.

పత్తల సంగతి లస్మవ్వకు ఏమీ తెలియదు. రాజు పెద్దదనీ రెండు చిన్నదనీ తెలుసు, అంతే. తెలిసిన మనిషి కుబ్రా బేగం. ఆమె మొగడు నజీర్ టబ్బులు లాగే హాలేజీ ఇంజను నడుపుతాడు, ఒకప్పుడు పత్తలు పట్టుకుంటే అన్నం నీళ్లు అక్కర్లేని మనిషి. ఆ ఆటను మాన్పించడానికి కుబ్రా బేగం చేయని పని లేదు. తాళం వేసింది, దర్గాకు తీసుకుపోయింది, ఏదీ పనిచేయకపోతే ఆఖరికి మొగడి పక్కన కూర్చుని ఆట మొత్తం నేర్చుకుని, నలుగురిలో అతన్ని వరసగా ఓడించింది. అప్పుడు మానేశాడు. పెండ్లాం చేతిలో ఓడినవాడని ఎక్కడికి పోయినా నవ్వుతుంటే ఇంకేం ఆడతాడు.

కుబ్రా బేగం చేటలో బియ్యం చెరుగుతోంది. లస్మవ్వ అడిగింది విని చేట ఆపింది. "పొద్దుగాల పొద్దుగాల పత్తలు నేర్సుకుంటవా లస్మవ్వా? నీ మొగనికి చాలలేదా?" అని నవ్వబోయి, ఎదుటి మొహం చూసి నవ్వు మింగింది. లోపలికి పోయి, పిల్లలు ఆడుకునే పాత పేక తెచ్చి, చాప మీద పరిచింది.

మూడూ ఒకే తీరువి వస్తే, మూడు ఎక్కాలో మూడు బాద్షాలో, దాన్ని మించింది లేదని మొదలుపెట్టింది. ఆసును ఆమె ఎక్కా అంటుంది, రాజును బాద్షా, రాణిని బేగం. దాని కింద వరస, అంటే ఐదు ఆరు ఏడు లాగా ఒకదాని వెంట ఒకటి, అదీ ఒకే గుర్తువి అయితే. దాని కింద గుర్తులు కలిసిపోయిన ఉత్త వరస. దాని కింద, వరస లేకుండా మూడూ ఒకే గుర్తువి. దాని కింద జోడీ. ఏదీ లేనివాడికి చేతిలో ఉన్న పెద్ద ముక్కే దిక్కు. కుబ్రా బేగం ఒక్కోటీ పేర్చి చూపిస్తుంటే లస్మవ్వ వేలు పెట్టి ముట్టుకుంటూ పోయింది.

"గట్లయితే నాలుగు ఐదు ఆరు కలిస్తె, రెండు రాజులున్నోన్ని కొడ్తదా అక్కా?"

"కొడ్తది. రాజులు రెండే గద. ఇవి మూడు చెయ్యి పట్టుకున్నయి."

లస్మవ్వకు అది ఎక్కింది. చిన్నా పెద్దా కాదు, ఎట్లా కూడుకున్నాయన్నదే లెక్క. అక్కడిదాకా బాగానే ఉంది. అప్పుడు ఆమె పూలమ్మ మాటల్లోంచి ఏరుకొచ్చిన రెండు చేతుల ముక్కలనూ చెప్పింది. ఆగయ్యకు పడ్డవి ఆసు, రెండు, మూడు. నర్సింగానికి పడ్డవి తొమ్మిది, పది, జాకీ. రెండూ ఉత్త వరసలే. ఏది పెద్దది?

కుబ్రా బేగం ఆ ఆరు ముక్కలూ వెతికి రెండు వరసలుగా పెట్టింది. చాలాసేపు చూసింది. ఇక్కడే అందరూ కొట్టుకు చస్తారని చెప్పింది. ఎక్కాకు రెండు వైపులా చుట్టరికం ఉంది. పైన బాద్షా పక్కనా కూర్చుంటుంది, కింద రెండు పక్కనా కూర్చుంటుంది. బాద్షా, బేగంతో కలిసిందా, వరసల్లో అదే అన్నిటికన్నా పెద్దది. రెండు, మూడుతో కలిస్తే దాని తర్వాతిది. ఇక్కడ అట్లాగే ఆడతారు. నజీర్ మొదట పనిచేసిన కొత్తగూడెంలో కొందరు ఆసు రెండు మూడునే అన్నిటికంటే పైన పెట్టేవాళ్లట. గోలేటి వైపు అయితే అందులో ఆసు ఒకటి కిందే లెక్క, కాబట్టి అది వరసల్లో అన్నిటికన్నా చిన్నది.

"ఏ బాయి ఆట ఆ బాయిదే. ముందుగాల కూసున్నప్పుడే అనుకోవాలె, పత్తలు పడ్డంక కాదు," అంది. "నిన్న పంచినోడు ఎవడు?"

పంచింది మక్సూద్. దీపాలిచ్చే లాంపు రూములో పనికి గోలేటి నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. ఏ గ్యాంగువాడూ కాదు కాబట్టి అతణ్ని కూర్చోబెట్టారు. కుబ్రా బేగం తల ఊపింది. వాడి తప్పేమీ లేదు, వాడి బాయి లెక్క వాడు చెప్పాడు. ఈ బాయి లెక్క వాడికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఇంతకుముందు ఆ గోనెసంచి మీద ఎప్పుడైనా ఆసు రెండు మూడు పడిందా, పడితే ఎవరు గెలిచారు, అదే ఇక్కడి లెక్క.

లస్మవ్వ చేయి చాప మీద అట్లాగే ఆగిపోయింది.

పడింది. పీరీల పండుగ వారం పడింది. ఆ ఆదివారం నర్సింగం చేపలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఉప్పూ కారం చాలిందా అని అడుగుతుంటే వినకుండా, పళ్లెం ముందు కూర్చుని ఒకటే చెప్పాడు. ఆగయ్య కాకకు జాకీ, రాణీ, రాజూ ముగ్గురూ పడ్డారట. కాక మీసం దువ్వుకున్నాడట. తనకు పడ్డవి ఆసు, రెండు, మూడు. బక్కముక్కలతో రాజునూ రాణినీ పండబెట్టానని, ముల్లు తీసుకుంటూ, పిల్లల ముందు కూడా చెప్పి నవ్వాడు. ఆ వారమంతా ఆగయ్య గ్యాంగు నీళ్లలో నిలబడింది. ముసలాయన ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు అవే ముక్కలు ఆగయ్యకు పడ్డాయి.

"అయితె నీ మొగనికి తెలుసు," అంది కుబ్రా బేగం మెల్లగా. తర్వాత పత్తలన్నీ దగ్గరికి తీసి దస్తీలో కట్టేస్తూ, ఇంకో మాట కూడా చెప్పింది. "పోయి చెప్పినవనుకో, తమ్ముడు బయటపడ్తడు. ఆ జాగ ఖాళీగ ఉండదు చెల్లె. అది సమజ్ చేసుకుని పో."

లస్మవ్వ దారి పొడుగునా అదే సమజ్ చేసుకోవడానికి చూసింది. చేతకాలేదు.

ఇంటికొచ్చేసరికి నర్సింగం గడపలో కూర్చుని బూట్లకు తాడు ఎక్కిస్తున్నాడు. రెండో షిఫ్టుకు ఇంకా పొద్దుంది. ఆమె అన్నం పెట్టింది. పప్పు వేసింది. ఎదురుగా కూర్చుంది. అతను మూడో ముద్ద ఎత్తే దాకా ఆగి, నిన్న పత్తలు ఎట్లా పడ్డాయని అడిగింది.

ఏ పూలమ్మ చెప్పిందని అడిగాడు అతను. ఎవరు చెబితే ఏమని ఆమె అంది. అంతా గోల గోలగా ఉండె, మక్సూద్ మాదే పెద్దదన్నాడు, అయిపోయింది అన్నాడు. ఆగయ్య కాక ఏమనలేదా? ఏదో అన్నాడు, ముసలాయన గొంతు ఎవరికి వినబడుతుంది, మావాళ్లంతా అప్పటికే లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. పంచినోని మాటే మాట కదా. ఇదంతా అతను పళ్లెంలోకే చూస్తూ చెప్పాడు.

"పీరీల పండుగప్పుడు చేపలు తింటప్పుడు ఏమన్నవ్?"

నర్సింగం నమలడం ఆపాడు. అబద్ధమాడటానికి అతనికి వెసులుబాటు ఉంది. మరిచిపోయానంటే సరిపోయేది. అనలేదు.

"ఎరుకే నాకు," అన్నాడు. "ఆగయ్య కాకదే పెద్దదని ముక్కలు తిప్పంగనే ఎరుకైంది."

"మరెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె నేను పోవాలె గద."

ఆ మాట అంత నిబ్బరంగా వస్తుందని ఆమె అనుకోలేదు. అతను చేయి కడుక్కోకుండానే గోడకు ఆనుకున్నాడు. ఎల్లేశం మీద పడ్డ పెచ్చును ఎత్తినవాళ్లలో తానూ ఉన్నానని, ఐదుగురు పట్టినా అది లేవలేదని చెప్పాడు. అప్పుడు పైకి చూశాడట. దీపం వెలుగులో కప్పు మీద సన్నని పగులు, గోడ నుంచి గోడ దాకా. ఊట దాంట్లోంచే కారుతోంది. అట్లా చూస్తుండగానే లోపల ఎక్కడో ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైందట. ఆ రోజు నుంచి ఇంట్లో పడుకుని ఈ ఇంటి కప్పు చూసినా అదే వినబడుతోందట. ఏడేళ్ల కాపురంలో పెండ్లానికి అతను భయమని చెప్పిన మొదటి సంగతి అదే.

లస్మవ్వ ఈ మనిషి మీద కోపంతో వచ్చింది. కోపం నిలబడే చోటు దొరకడం లేదు.

"పోశంగాడు గూడ మనిషే గద," అంది.

"మనిషే. నీ తమ్ముడే. నాకు బామ్మర్దే." నర్సింగం లేచి నిలబడ్డాడు. "అయితె నువ్వే చెప్పు. నన్ను పొమ్మను. నీ నోటితోని ఒక్కసారి అను, పోత. ఇంకెవ్వన్ని అడగ."

ఆమె గడపలో బోర్లా పడి ఉన్న పిల్లవాడి చెప్పును తిప్పి పెట్టింది. అతను నీళ్ల సీసా తీసుకుని, సగం అన్నం పళ్లెంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆమె పొమ్మనలేదు. వద్దనీ అనలేదు. పళ్లెం తీసి, మిగిలిన అన్నం కోళ్లకు వేసి, పొయ్యిలో నీళ్లు చల్లి ఆర్పింది. పిల్లలను పూలమ్మ ఇంట్లో కూర్చోబెట్టింది. ఎక్కడికి పోతున్నావని పూలమ్మ అడిగితే వినబడనట్టే రోడ్డెక్కింది. బాయి దాకా నడిచేంతసేపూ పోయి ఏమంటానో ఆమెకే తెలియదు. సన్నగా వాన మొదలైంది. బొగ్గు లారీలు పోతూ నల్లటి బురద చీర మీద చిమ్మాయి. కాళ్లు మాత్రం ఆగలేదు.

ఆడవాళ్లు బాయి మీదికి రారు. సద్ది తెచ్చే ఆడవాళ్లు కూడా గేటు బయటే ఇచ్చి పోతారు. ఒక ఆడమనిషి ఒంటరిగా లాంపు రూము దాకా నడిచి వచ్చిందంటే లోపల ఎవరికో ఏదో అయిందనే లెక్క. అందుకే లస్మవ్వ కనబడగానే కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా మాటలు మానేశారు. ఒకడు బీడీ పారేశాడు. "ఎవలకేమైంది?" అని ఎవరో అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదని, ఇంకా కాలేదని, లస్మవ్వ చెప్పింది.

నర్సింగం వరసలో నాలుగో మనిషి. ఆమెను చూసి కదలలేదు. పోశం అప్పటికే దీపం తీసుకుని టోపీకి తగిలించుకుంటున్నాడు. అక్కను చూసి సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. కిటికీ లోపల మక్సూద్, చేతిలో ఎవరి దీపమో పట్టుకుని ఉన్నాడు. ఆమె తిన్నగా అతని దగ్గరికే పోయింది.

"అన్నా, నిన్న పత్తలు పంచింది నువ్వేనట. ఆసు రెండు మూడు చిన్నదా?"

మక్సూద్‌కు ముందు నవ్వొచ్చింది. తర్వాత చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. "మా గోలేటిల చిన్నదే అక్కా."

"ఈడనో?"

"ఈడి సంగతి నాకెవ్వలు చెప్పిన్రు? చెప్పుమన్న. ఆ లొల్లిల నాకేం వినబడలె."

అప్పుడు లస్మవ్వ వరస వైపు తిరిగింది. పీరీల పండుగ వారం అదే సంచి మీద అవే ముక్కలు ఒకరికి పడ్డాయని, రాజు రాణి జాకీని కొట్టి ఎండు జాగ తీసుకున్నారని, అప్పుడు పెద్దవైనవి ఇప్పుడు చిన్నవి ఎట్లా అయ్యాయని అడిగింది. మొగుడి పేరు ఎత్తలేదు. ఎత్తే పని లేదు. అక్కడున్న పదిమందీ ఆ వారం ఆ సంచి చుట్టూ కూర్చున్నవాళ్లే.

ఆగయ్య ఒక పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతను ఆమెను ఓదారుస్తున్నట్టు మాట్లాడాడు. నిన్న తాను చెప్పాననీ, ఎవరూ వినలేదనీ, ఇప్పుడు తవ్వుకుంటే లాభం లేదనీ, పంచినోని మాట దాటితే వచ్చే వారం నుంచి ఎవడూ ఎవడి మాటా వినడనీ అన్నాడు. ఆడిన మాట కోసం నీళ్లలో నిలబడటానికి సిద్ధంగానే ఉన్నాడు ముసలాయన. పోశం గబగబా వచ్చి అక్క చేయి పట్టుకున్నాడు.

"అక్కా, నా ఇజ్జత్ తియ్యకు. అక్క కొంగు పట్టుకుని బతికినోడంటరు. ఇంటికి పో."

"బతికినోడంటె అననీ," అంది లస్మవ్వ.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, పక్కవాడు పొడిస్తే ఆపేశాడు. నర్సింగం గ్యాంగులోవాళ్లు నేల చూస్తున్నారు. వాళ్లలో ఒకడు, అయిపోయిన దాన్ని కెలకడానికి ఆడోళ్లు కూడా తయారయ్యారని గొణిగాడు. నర్సింగం వాడి వైపు చేయి ఎత్తి ఆపమన్నాడు. వరసలోంచి బయటికొచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆమెను చూడలేదు, ఆగయ్యను చూశాడు.

"ఔ కాకా. నీదే పెద్దది. నాకు నిన్ననే ఎరుక. ఎండు జాగకు మీరు పోన్రి, మేం డిప్పుకు పోతం."

లస్మవ్వ కోరి వచ్చింది అదే. ఆ మాట చెవిన పడగానే ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. పగులు, గోడ నుంచి గోడ దాకా. ఎండు కట్టె విరిగిన చప్పుడు. పొద్దున్నుంచీ ఆ కప్పు కింద తమ్ముణ్ని చూస్తోంది. ఇప్పుడు అక్కడే మొగణ్ని చూస్తోంది. కుబ్రా బేగం చెప్పింది అక్షరాలా అదే. జాగ ఖాళీగా ఉండదు.

పోశానికి పౌరుషం వచ్చింది. అక్క వచ్చి అరిస్తే బావ నీళ్లలో దిగాడంటే తాను ఊళ్లో తలెత్తుకోగలనా అన్నాడు. మేం ఒప్పుకున్నాం, మేమే పోతాం, నువ్వు జరుగు బావా అన్నాడు. నర్సింగం జరగలేదు. తప్పు నాది, నేనే పోతానన్నాడు. ఆగయ్య లేచి ఇద్దరి మధ్యకు వచ్చాడు. నిన్న ఎండు జాగ కోసం అరిచిన గొంతులే ఇప్పుడు నీళ్ల జాగ కోసం అరవసాగాయి. గ్యాంగులోవాళ్లు కొందరు తమ పెద్దను వెనక్కి లాగుతున్నారు, కొందరు ముందుకు తోస్తున్నారు. ఎవరికి బతకాలనుందో, ఎవరికి మాట పడొద్దనుందో తెలియని గందరగోళం.

అప్పుడే సైరన్ కూసింది. గులాం అలీ ఆఫీసు వైపు నుంచి వచ్చాడు. చంకలో కప్పు తట్టి చూసే కర్ర, తలమీద టోపీ, నోట్లో పాన్. లొల్లి ఏమిటని అడిగితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెప్పారు. సగం విని నవ్వాడు. చెడ్డ మనిషి కాదు. పండుగలకు అందరి ఇళ్లకూ వచ్చి సేమ్యా తిని పోయే మనిషే. లస్మవ్వ పెండ్లికి కూడా వచ్చాడు. జల్దీ తెమలండి, మీ పత్తల పంచాయితీకి బాయి ఆగదు అన్నాడు.

లస్మవ్వ చువ్వ వదిలి అతని ముందుకొచ్చింది. "అన్నా, ఎల్లేశం మీద పడ్డ కాన్నించి ఆ జాగల కప్పు కింద కొత్త దిమ్మెలు నిలబెట్టిచ్చినవా?"

"టింబర్ రావాలె చెల్లె. అడిగిన. రేపో ఎల్లుండో వస్తది."

"వచ్చినంక పోతరు మరి."

గులాం అలీ ఓపికగా తల అడ్డంగా ఊపాడు. నిలబెట్టమన్న దిమ్మెలు నిలబెడతారు, ఎత్తమన్న బొగ్గు ఎత్తాలి, ఒక జాగ ఖాళీగా పెట్టి రాసిస్తే పైవాళ్లకు తాను ఏం చెప్పాలి అన్నాడు. అందరూ ఇన్నేళ్లుగా అట్లాంటి కప్పుల కింద చేసినవాళ్లే అన్నాడు. అప్పటికి మూడో మనిషి దాకా దీపాలు ఇచ్చిన మక్సూద్, నర్సింగం దీపాన్ని కిటికీలోంచి బయటికి చాపి పట్టుకున్నాడు. దాన్ని ఎవరూ అందుకోలేదు.

సర్దార్ పాన్ ఉమ్మేసి, కర్ర ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "టైమైపోతున్నది. ఇద్దరిల ఎవలో ఒకలు పోవాలె. వీళ్లతోని తెగేటట్టు లేదు. ఇంత దూరం వచ్చినవ్ గద, నువ్వే తేల్చు చెల్లె. మొగన్ని పంపాల్నా, తమ్మున్ని పంపాల్నా?"

నర్సింగం ఆమె వైపు చూశాడు. పోశం కూడా చూశాడు.

"నువ్వు పో అన్నా," అంది లస్మవ్వ సర్దార్‌తో.